కండెన్సర్‌కి అతుక్కున్న నమస్కారం

పాసయ్యాను!

బి.ఏ. చరిత్ర, సెకండ్ క్లాస్, అరవై మూడేళ్ళ వయసులో. మా వంశంలో నాకు ముందు కాలేజీ మెట్లెక్కినవాళ్ళు లేరు. మా నాయన ఒకసారి ఎక్కాడుగానీ అది సున్నం కొట్టడానికి. ఇవాళ పొద్దున పదకొండింటికి ఫలితాలు వచ్చాయి. ఫోన్లో నా నంబరు చూసి నేను పెట్టిన కేకకి మా ఆవిడ కమల వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏందీ, షుగర్ రిపోర్టు వచ్చిందా?"

"పాసయ్యానే!"

"సరి, ఎంతుంది చెప్పు?"

ఆమె షుగర్లోంచి బయటికి రావడానికి ఐదు నిమిషాలు పట్టింది. వచ్చాక మాత్రం నాకు రెండు చెంచాల పాయసం అనుమతించింది.

నా పేరు ఎం. రామలింగం. పుదుచ్చేరిలో ముప్ఫై ఎనిమిదేళ్ళు కార్ల ఇంజన్లు విప్పాను. వేడెక్కి దారిలో ఆగిపోయిన బళ్ళు ఎక్కువగా నా దగ్గరికే వచ్చేవి. లోపల ఏం కాలింది, ఎందుకు కాలింది, ఇంజన్ ఇంకా బతుకుతుందా అన్నది తేల్చడం నా పని. ఇక్కడ పుట్టిన చాలామంది తెలుగువాళ్ళలాగే నాకూ తెలుగు ఇంట్లో మాటే తప్ప అక్షరం కాదు. డిగ్రీలో ద్వితీయ భాషగా తెలుగు తీసుకుని, అ ఆల నుంచి మొదలుపెట్టి, ఆ పేపరు రెండుసార్లు తప్పాను. చరిత్ర మాత్రం ఒక్కసారే రాశాను. రాజులు నన్ను ఇబ్బంది పెట్టలేదు, అమ్మ భాషే పెట్టింది.

మెకానిక్ కోర్సు చెప్పే ఒక బడి మాస్టారు, కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి మీ అనుభవాలు రాసివ్వండి అని రెండేళ్ళుగా అడుగుతున్నారు. ఎనిమిదో క్లాసు చదివినవాడి రాత ఎవరికి కావాలని తప్పించుకుంటూ వచ్చాను. ఇవాళ్టి నుంచి ఆ సాకు చెల్లదు.

ఇంకో కారణం కూడా ఉంది. యానాం నుంచి వచ్చిన సూరిబాబు అనే డ్రైవరు ఉద్యోగం ఐదేళ్ళ కింద నా సంతకం వల్ల పోయింది. ఈ శుక్రవారం లోపల అదే సంతకం పెడితే అతనికి ఇంకో ఉద్యోగానికి దారి దొరుకుతుంది. అది ఎట్లా అన్నది చెప్పాలంటే ముందు మా పని సంగతి చెప్పాలి.

నీళ్ళు ఎక్కడివి?

వేడెక్కిన బండితో పాటు వర్క్‌షాపుకి రెండు వస్తాయి. ఒకటి ఆవిరి, రెండోది అబద్ధం. ఆవిరి అరగంటలో చల్లారుతుంది.

గోరిమేడు వైపు ఉండే ఒక పెద్ద డాక్టరుగారు బండిని లాగించుకుని వచ్చారు. వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటాక ఎంతసేపు నడిపారని అడిగాను. "రెండు నిమిషాలు, అంతే" అన్నారు. ఇంజన్ పైభాగం, అంటే హెడ్, విప్పి దాని మీద ఉక్కుబద్ద పెట్టి చూస్తే మధ్యలో సందులోంచి వెలుగు కనబడుతోంది.

"రెండు నిమిషాలకి హెడ్డు ఇంతగా వంగదు సార్."

"ఐదు ఉండొచ్చు."

హెడ్డు కింద వేసే పలచటి రేకు, కాలిపోయిన గ్యాస్కెట్, తీసి ఆయన చేతిలో పెట్టాను. దాన్ని ఎక్స్‌రేలాగా వెలుగుకి ఎత్తి చూశారు.

"కడలూరు దాటాక మొదలైంది" అన్నారు చివరికి. అంటే అరగంట పైనే.

"మీ దగ్గరికొచ్చే రోగి ఇట్లా దాస్తే ఏం చేస్తారు సార్?"

"తిడతాను."

"నేను తిట్టలేను. మీరు కస్టమరు."

ఆయన నవ్వారు. మళ్ళీసారి వచ్చినప్పుడు కూడా రెండు నిమిషాలే అన్నారు.

తేంగాయితిట్టు హార్బరు నుంచి వచ్చిన చేపల వ్యాను కథ వేరు. దాని రేడియేటరు లోపలంతా తుప్పు, గొట్టాల్లో తెల్లటి పొర. ఆ డ్రైవరు అబద్ధం చెప్పే మనిషి కాదు.

"నీళ్ళే పోసినా మేస్త్రీ. దినమూ పోస్తా ఉండా. సుత్తమైన నీళ్ళు."

"యాడివి?"

"అయిసు కరిగిన నీళ్ళు. జిల్లుగా ఉంటాయే, ఇంజనుకి మంచిది కదా అని."

"ఆ అయిసు యాడుండింది?"

"చేపల కింద" అన్నాడు, అది కూడా అడగాలా అన్నట్టు.

కిందకి వదిలిన నీళ్ళలో రెండు పొలుసులు తేలాయి. అప్పటినుంచి నేను నీళ్ళు పోశావా అని ఎవరినీ అడగలేదు. నీళ్ళు ఎక్కడివి అని అడిగాను. మొదటి ప్రశ్నకి అందరూ అవునంటారు. రెండో ప్రశ్నకి నిజం దానంతట అదే బయటికొస్తుంది.

ముందు చేతులు కట్టుకోండి

వేడి బండి వచ్చినప్పుడు మొదట చేయాల్సిన పని ఏమీ చేయకపోవడం. ఇది నేర్చుకోవడానికి నాకు నాలుగేళ్ళూ, కుడి ముంజేతి మీది చర్మమూ ఖర్చయ్యాయి. రేడియేటరు మూత వేడి మీద తిప్పకండి. కాగిన ఇంజన్‌లో చన్నీళ్ళు గుమ్మరించకండి, పగిలితే మీ పేరే వస్తుంది. చల్లారాక నీళ్ళ మట్టం చూడండి. ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలుపోసిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. సైలెన్సర్లోంచి తెల్లపొగ ఆగకుండా వస్తోందా, నీళ్ళ డబ్బాలో బుడగలు లేస్తున్నాయా, ఒక్కో సిలిండరూ ఎంత ఒత్తిడి పట్టుకుంటోంది, ఇవన్నీ అయ్యాకే హెడ్డు విప్పండి.

ఇప్పుడు ప్రతి వర్క్‌షాపులో స్కాన్ మిషన్ ఉంది. మంచిదే. కానీ దాన్ని బండికి తగిలించి, అగరొత్తి వెలిగించినంత భక్తిగా చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళని చూస్తున్నాను. అది వేడి ఎంతో చెప్తుంది. ఎందుకో చెప్పాలంటే ఎవరో ఒకరు నేల మీద పడుకుని కింద నుంచి చూడాలి. నేల మీద పడుకునే కోర్సు ఎక్కడా లేదు.

కారణం అనే గడి

మా యజమాని, ఇక్కడి మాటలో ముదలాళి, ఎస్. గోవిందరాజులు మంచి మనిషి. పండక్కి అందరికీ బట్టలు పెట్టేవాడు, ఎవరింట్లో చావైనా ముందుండేవాడు. ఇంజన్ గురించి మాత్రం ఆయనకి తెలిసింది ఒక్కటే, హెడ్ గ్యాస్కెట్. హారను మోగని బండి వచ్చినా బానెట్ మీద చెయ్యి వేసి, "గ్యాస్కెట్ చూసినారా?" అనేవాడు. వేడెక్కిన బళ్ళ విషయంలో ఇది పదిలో ఆరుసార్లు నిజమయ్యేది. దాంతో ఆయనకి తన మీద గౌరవం పెరుగుతూ పోయింది.

ఆయన అచ్చు వేయించిన చీటీలో కారణం అని ఒక గడి ఉండేది. మధ్యాహ్నం లోపల అది నిండాలి.

"గడి కాలీగా ఉంటే కస్టమరుకి మన మీద నమ్మకం పోతాది రామలింగం. ఏదో ఒకటి రాయప్పా."

"ఇంకా విప్పనే లేదు ముదలాళీ."

"విప్పినాక సరిగ్గా రాద్దువు. ఇప్పుడు సుమ్మా రాయి."

సుమ్మా, అంటే ఊరికే, రాసిన చీటీ ఊరికే ఉండదు. యజమానులకి ఎక్కువగా నచ్చే కారణం ఒకటి మా అందరికీ కంఠస్థం. డ్రైవరు అజాగ్రత్త. ఆ మాట రాస్తే బండి గౌరవం నిలబడుతుంది, బండి గలాయన గౌరవం నిలబడుతుంది, వర్క్‌షాపు గౌరవం నిలబడుతుంది. డ్రైవరొక్కడే గేటు బయట నిలబడతాడు.

నా తప్పు

కె.ఆర్. దామోదరంగారికి బజారులో హార్డ్‌వేర్ దుకాణం. మా తెలుగువాళ్ళే, నాలుగు తరాలుగా ఇక్కడే. ఐదేళ్ళ కింద ఆయన వ్యాపారుల సంఘానికి అధ్యక్షుడై, కారులో బజారంతా ఊరేగారు. మర్నాడే ఆయన డీజిల్ కారు తాడుతో లాగించుకుని మా దగ్గరికి వచ్చింది. శుభ్రంగా కడిగి పంపారు. చెడిపోయిన బండిని ఎవరైనా ఎందుకు కడుగుతారు అని నాకు తట్టి ఉండాల్సింది.

"ముల్లు చూడకుండా తోలినాడు ఆ యానాం వాడు. కళ్ళు యాడ పెట్టుకున్నాడో" అన్నారు దామోదరంగారు ఫోన్లో.

నేను చూడాల్సినవి చూశాను. నీళ్ళు సగం ఆవిరైపోయాయి. రెండు సిలిండర్లు ఒత్తిడి పట్టుకోవడం లేదు. చాలాసేపు కాగుతూనే నడిచిన బండి, అందులో సందేహం లేదు. గడియారం పన్నెండుకి దగ్గరపడింది, గోవిందరాజులు తల నా భుజం మీదికి వచ్చింది. "డ్రైవరు అజాగ్రత్త" అని రాసి కింద సంతకం పెట్టాను. ఒకరి బలవంతం మీద రాశానని చెప్పుకోవచ్చు, కానీ నిజం అది కాదు. ఇంజన్ చూడగానే కారణం చెప్పేస్తాడు రామలింగం అని అందరూ అనుకుంటుంటే నాకు బాగుండేది.

సాయంత్రానికల్లా ఆ చీటీ చూపించి సూరిబాబుని పనిలోంచి తీసేశారు.

రెండో రోజు హెడ్డు విప్పాం. వంగింది. మూడో రోజు రేడియేటరు తీయడానికి ముందు భాగమంతా ఊడదీశాను. రేడియేటరుకి ముందు ఏసీ కండెన్సరు ఉంటుంది, సన్నటి రేకులతో జల్లెడలాగా. గాలి దానిలోంచే ఇంజన్‌కి రావాలి. ఆ జల్లెడ కింది సగమంతా మూసుకుపోయి ఉంది. వేడికి మెత్తబడిన ఫ్లెక్సు ముక్క ఒకటి ఫ్యాను లాగిన లాగుడుకి రేకుల్లోకి దిగి అతుక్కుపోయింది. దాని మీద రెండు చేతులు నమస్కారం పెడుతున్నాయి. వేళ్ళకి నాలుగు ఉంగరాలు. బజారులో ఆ నాలుగు ఉంగరాలు తెలియని మనిషి లేడు.

అప్పుడు సూరిబాబుని పిలిపించాను. వచ్చాడు, గేటు లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఊరేగింపులో ఏం జరిగిందయ్యా?"

"ఏముందండీ, బండి ముందంతా అయ్యగారి ఫొటో కట్టారండి, ఇంత పొడుగుది. గాలికి ఎగరకుండా కింద అంచు గ్రిల్లు లోపలికి దోపారు. మనిషి నడిచే స్పీడండి, ఏసీ ఫుల్లు. అద్దం దింపి చెయ్యి ఊపుతున్నారాయన. సగం దూరం వెళ్ళాక ముల్లు లేచింది."

"చెప్పినావా?"

"మూడుసార్లు చెప్పానండి. ఫొటో విప్పేద్దామండీ, గాలి ఆడట్లేదండీ అన్నాను. 'నా మొహం విప్పేస్తావంట్రా, జనం చూస్తా ఉండారు, పోనీ' అన్నారు. పోనిచ్చానండి."

"ఈ మాట ముందే నాతో ఎందుకు అనలా?"

"మీరు నన్ను అడగలేదు కదండీ. ఇంజన్ని అడిగారు."

ఈ పనిలోకి వచ్చే పిల్లలు నా వ్యాసమంతా మరిచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు. ఇంజన్ ఎంతసేపు కాగిందో చెప్తుంది. ఆపొద్దని ఎవరన్నారో చెప్పదు.

ఏం చదివినావు?

పాత చీటీ తప్పని కొత్త చీటీ రాసి, ముక్కతో సహా కండెన్సరుని బల్ల మీద పెట్టాను. గోవిందరాజులు దాన్ని చూసి, నన్ను చూసి, తలుపు మూశాడు.

"దీన్ని గీకెయ్ అప్పా. ప్రెసిడెంటుకి చూపిస్తావా ఏంది?"

"ఆయన చేతులే కదా ముదలాళీ, ఆయనే గుర్తుపట్టనీ."

దామోదరంగారు వచ్చారు. వెంట కారు కంపెనీ పంపిన కుర్ర ఇంజనీరు, అతని చంకలో లాప్‌టాప్. మర్యాద తెలిసిన అబ్బాయి. నన్ను అంకుల్ అన్నాడు. లాప్‌టాప్ తగిలించి, వేడి హద్దు దాటాక కూడా బండి చాలాసేపు నడిచినట్టు డేటాలో ఉందన్నాడు. నేనూ ఒప్పుకున్నాను. "ఎందుకు వేడెక్కిందో ఉందా బాబూ?" అని అడిగాను. దానికి సెన్సారు లేదన్నాడు.

"ఇదిగో సెన్సారు" అని బల్ల మీది నమస్కారం చూపించాను.

దామోదరంగారు ఒక్క క్షణం తన చేతుల వంక చూసుకున్నారు. తర్వాత వాటిని వెనక్కి కట్టుకున్నారు.

"ఏం చదివినావు నువ్వు?"

"ఎనిమిదో క్లాసు."

"నేను బి.కాం. ఈ పిల్లోడు ఇంజనీరు. ఇంకేం మాట్లాడుకుందాం చెప్పు?"

మాట్లాడుకోలేదు. ఇంజనీరు రిపోర్టులో డ్రైవరు అజాగ్రత్తే వచ్చింది. నా కొత్త చీటీ ఎటు పోయిందో తెలియదు. కండెన్సరు మారింది, హెడ్డు మారింది, డ్రైవరూ మారాడు. పాతికేళ్ళ కుర్రాణ్ణి తిట్టను, అతను చూసింది నిజమే. కానీ చదువు ఎక్కువైనవాడికి కూడా పక్కకి తిరిగి చూడటం వేరుగా నేర్పాలని మాత్రం అంటాను.

అప్పటినుంచి సూరిబాబు ఆక్టింగ్ డ్రైవరు. ఎవరు పిలిస్తే ఆ రోజుకి ఆ బండి. పేరు మీద మచ్చ ఉన్నవాణ్ణి నెల జీతానికి ఎవరూ పెట్టుకోలేదు. మరుసటి ఏడు ప్రభుత్వ శాఖలో డ్రైవరు పోస్టులు పడ్డాయి. దరఖాస్తుతో పాటు నడవడిక సర్టిఫికెట్ ఇవ్వాలి. అభ్యర్థిని కొన్నేళ్ళుగా ఎరిగిన ఒక పట్టభద్రుడు సంతకం చేయాలి. సూరిబాబుకి ఈ ఊళ్ళో అట్లా తెలిసిన పట్టభద్రుడు ఒక్కడే, దామోదరంగారు. ఆయన ఇవ్వనన్నారు. నేను రాసిచ్చాను, నిజమంతా, తమిళంలో రెండు పేజీలు. ఆ శాఖ గుమాస్తా దాన్ని తిప్పి కింద వేలు పెట్టాడు.

"విద్యార్హత కాలీగా ఉండాది. ఇది చెల్లదు సార్."

"నేను రాసింది చదవండి."

"చదివినా. బాగుండాది. చెల్లదు."

బయటికొచ్చాక సూరిబాబే నన్ను ఓదార్చాడు. "ఫర్లేదండి, మీరు రాశారు కదా, అదే పదివేలు" అన్నాడు. తప్పు చేసింది నేను, ఓదార్చింది అతను. ఒక సంతకం అతని ఉద్యోగం తీసేసేటప్పుడు నా చదువు ఎవరూ అడగలేదు. ఇప్పించేటప్పుడు అడిగారు.

ఆ వారమే దూరవిద్యలో చేరాను. ముందు ఇంటర్ లేనివాళ్ళకి పెట్టే అర్హత పరీక్ష, తర్వాత డిగ్రీ. ఏ సబ్జెక్టైనా పర్లేదా అని అడిగితే పర్లేదన్నారు. చరిత్ర తీసుకున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇంజన్లు విప్పినవాడి మాట డ్రైవరు గురించి చెల్లలేదు. ఏ రాజు తర్వాత ఎవరు సింహాసనం ఎక్కారో రాసినవాడి మాట ఇవాళ్టి నుంచి చెల్లుతుంది. నేను ఈ ఏర్పాటుని విమర్శించడం లేదు. సద్వినియోగం చేసుకుంటున్నాను.

పోస్టులు మళ్ళీ పడ్డాయి. శుక్రవారం ఆఖరి రోజు. సూరిబాబుకి వయసు ప్రకారం ఇదే ఆఖరి అవకాశం. ఉద్యోగం వస్తుందో రాదో నాకు తెలియదు, బండి నడిపి చూపించే పరీక్ష ఉంటుంది, అందులో వాడికి భయం లేదు. నా కాగితం దగ్గర మాత్రం ఈసారి ఆగదు. రెండు పేజీలూ మళ్ళీ రాశాను, ఈసారి తెలుగులో కూడా ఒక ప్రతి. మొదటి వాక్యం నా తప్పు గురించే.

ఇక రాయడం ఆపాలి. ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు ఉన్నారు.

స్టడీ సెంటర్ గుమాస్తా: ప్రొవిజనల్ సర్టిఫికెట్ రేపే కావాలి. ఎల్లుండి రమ్మంటాడు. రేపే వెళ్ళి అక్కడ కూర్చుంటాను.

మురుంగపాక్కంలో మా అక్క: పాసయ్యానంటే, "సరి, ఇంక ఉద్యోగం ఎప్పుడు దొరుకుతాది?" అంటుంది.

బడి మాస్టారు: వ్యాసం అయిపోయింది. ఇంజన్ గురించి తక్కువ ఉందంటారేమో.

గోవిందరాజులుగారు: చెవి సరిగ్గా వినబడదు. గట్టిగా చెప్పాలి. అయినా గ్యాస్కెట్ చూశావా అనే అడుగుతాడు.

కె.ఆర్. దామోదరంగారు, బి.కాం.: చేస్తాను. కమల వద్దంటోంది, అయినా చేస్తాను.

సూరిబాబు: పొద్దున్నుంచి మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. ఏదో బండి మీద ఉన్నట్టున్నాడు, తోలేటప్పుడు ఫోను ముట్టడు. ఆ మాట సర్టిఫికెట్‌లో రాయడం మరిచిపోయాను. ముందు అది చేర్చి, మళ్ళీ చేస్తాను.